పాఠం మొత్తం మీద ఏం చెప్పినట్టు?

కథ కాని పాఠాన్ని, అంటే ఒక వ్యాసాన్నో చరిత్ర పాఠాన్నో పత్రికలో వచ్చిన నివేదికనో చదివిన విద్యార్థి, ఇది మొత్తం మీద ఏం చెబుతోందన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలగాలి. ఆ శక్తి నేర్పితే వస్తుందా, విషయజ్ఞానం పెరిగేకొద్దీ దానంతటదే వస్తుందా అన్నది ఉపాధ్యాయుల మధ్య ఇంకా తేలని వాదం. దాన్ని ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే టీచరు. మరొకరు ఆమెకన్నా వయసులో పెద్దవారు, సాంఘికశాస్త్రం మాస్టారు. నా మొగ్గు టీచరు వైపే. అయినా మాస్టారి వాదాన్ని పూర్తి బలంతో వినిపించకుండా ఆమె మాటను నెగ్గించడం న్యాయం కాదు. ఆమె చివరికి నిలబెట్టిన పద్ధతిలో సగం ఆయన ఆక్షేపణల వల్లనే రూపు దిద్దుకుంది.

మాస్టారు: అమ్మా, కేంద్ర భావం పట్టుకోవడం విడిగా నేర్పదగిన విద్య అంటే నేను ఒప్పుకోను. విషయం తెలిసినవాడికి అందులో ముఖ్యమైనదేదో కనబడుతుంది. తెలియనివాడికి ఎన్ని సూత్రాలు చెప్పినా కనబడదు. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి ఒక బేస్‌బాల్ ఆట వర్ణన ఇచ్చి చదివించారు. వాళ్లలో బాగా చదవగలవారూ ఉన్నారు, చదవడంలో వెనకబడినవారూ ఉన్నారు. రెండు రకాల్లోనూ ఆట బాగా తెలిసినవారు కొందరు, తెలియనివారు కొందరు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియని పిల్లలకంటే మెరుగ్గా రాణించారు. చదివింది తిరిగి చెప్పమన్నా, సారాంశం చెప్పమన్నా, ముఖ్యమైన వాక్యాలు ఏరమన్నా అదే తీరు. మన పిల్లల ముందు ఒక క్రికెట్ మ్యాచ్ రిపోర్టు పెడితే జరిగేదీ ఇదే. అందుకే నా పీరియడ్‌లో నదుల గురించి, పన్నుల గురించి, రాజ్యాంగం గురించి నన్ను చెప్పుకోనివ్వండి. ముఖ్యమైనదేదో ఆ జ్ఞానమే వాళ్లకు చూపిస్తుంది. సారాంశం తీసే సూత్రాల కోసం మీరు గంటలు ఖర్చుపెడితే ఆ మేరకు జ్ఞానానికి వేళ తగ్గిపోతుంది.

టీచరు: విషయం తెలియకుండా పాఠం అర్థం కాదన్న మాట నిజమే మాస్టారూ. ఆ పరిశోధన చూపింది కూడా అంతవరకే. విషయం తెలిస్తే చాలునని అది చూపలేదు. మీ సబ్జెక్టులోంచే ఒక పాఠం తీసుకుందాం. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరద మీద నాలుగు పేరాల వ్యాసం ఒకటి ఉందనుకోండి. మొదటి పేరాలో కుండపోత వాన, కొట్టుకుపోయిన వంతెనలు, వేలాది మరణాలు. రెండో పేరాలో అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టు, దాని కొమ్మలు పట్టుకుని బతికి బయటపడ్డ సుమారు 150 మంది. మూడో పేరాలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, వరద నీటిని నగరానికి ఎగువనే ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించడం. నాలుగో పేరాలో 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తవడం, అవే నగరానికి తాగునీరు ఇవ్వడం. దీని కేంద్ర భావం రాయమంటే పిల్లల నుంచి మూడు రకాల జవాబులు వస్తాయి. మూసీ వరదల గురించి అనేది ఒకటి. చింతచెట్టు 150 మందిని కాపాడిందనేది రెండోది. ప్రకృతి ముందు మనిషి అల్పుడు అనేది మూడోది. మొదటిది విషయం పేరు మాత్రమే. ఆ విషయం గురించి పాఠం ఏమంటోందో అది చెప్పదు. రెండోది ఒక వివరం. మూడోది ఈ పాఠంలో ఎక్కడా లేని నీతి. ఒకటో తరగతి నుంచి ప్రతి కథ చివరా నీతి రాయించి, వ్యాసం చదివినా నీతే వెతికే అలవాటు మనమే చేశాం. జలాశయం అంటే తెలియక, ఎగువ అంటే తెలియక వచ్చిన జవాబులు కావివి. అన్నీ తెలిసిన పిల్లవాడూ చింతచెట్టు దగ్గరే ఆగిపోవచ్చు. 1989లో రూత్ గార్నర్, ఆమె సహ పరిశోధకులు ఇదే పరీక్షించారు. ఆకట్టుకునే, కానీ ముఖ్యం కాని వివరాలు వ్యాసంలో చేరితే అసలు సంగతులు గుర్తుండటం తగ్గిందని తేల్చారు. ఏడో తరగతి పిల్లలకే కాదు, పెద్దవాళ్లకూ అంతే జరిగింది. ముఖ్యమైనదాన్నీ ఆకర్షించేదాన్నీ వేరుచేయడం జ్ఞానం ఒక్కటే చేసిపెట్టే పని కాదు. దాన్ని ఎవరో ఒకరు చేసి చూపించాలి.

మాస్టారు: చేసి చూపించాలి సరే, బళ్లలో చూపిస్తున్నదేమిటి? మొదటి వాక్యం చూడు, చివరి వాక్యం చూడు, పదేపదే వచ్చే మాట కింద గీత గియ్యి. ఇదేనా? 1974లో రిచర్డ్ బ్రాడక్ అమెరికా పత్రికల్లో వచ్చిన 25 వ్యాసాలు తీసుకుని పేరాపేరానా పరిశీలించాడు. ముఖ్య వాక్యంతో మొదలైన పేరాలు 13 శాతమే. మన పత్రికల సంపాదకీయాలు చదివేవారికీ ఇది తెలిసిన సంగతే. తీర్పు చాలాసార్లు చివరి పేరా దాకా రాదు, ఒక్కోసారి వాక్యంగా అసలే ఉండదు, వరుసలోంచి మనమే తీసుకోవాలి. లేని చోట వెతకమని పిల్లలకు చెప్పడం కంటే ఏమీ చెప్పకుండా ఊరుకోవడం మేలు.

టీచరు: ఆ సూత్రాలను నేనూ సమర్థించను. అవి పరీక్ష కోసం తయారైన దగ్గరిదారులు. అయితే వాటిని కొట్టేసినంత మాత్రాన నేర్పాల్సింది లేకుండా పోదు. 1983లో యాన్ బ్రౌన్, జీన్ డే అనే ఇద్దరు, పాఠాన్ని కుదించేటప్పుడు చదువరులు ఏయే పనులు చేస్తారో గమనించారు. అనవసరమైనది తీసేయడం ఐదో తరగతి పిల్లలకూ చేతనయింది. ఉన్న ముఖ్య వాక్యాన్ని ఎంచుకోవడం అంతకన్నా కష్టమైంది. ముఖ్య వాక్యం పాఠంలో లేనప్పుడు దాన్ని తానే కల్పించుకోవడం అన్నిటికన్నా కష్టం, కాలేజీ విద్యార్థులు కూడా అందులో తడబడ్డారు. మీరు చెప్పిన బ్రాడక్ లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. పాఠాల్లో ఎక్కువ భాగం కోరేది కల్పించగల శక్తిని, మన బడి నేర్పేది తీసేయడం, ఎంచడం వరకే. మూసీ వ్యాసానికి సరైన జవాబు ఇలా ఉంటుంది: 1908 వరద తర్వాత హైదరాబాదు, నదికి ఎగువన జలాశయాలు కట్టి, వరద ముప్పునూ తాగునీటి కొరతనూ ఒకే ఏర్పాటుతో ఎదుర్కొంది. ఈ వాక్యం ఆ నాలుగు పేరాల్లో ఎక్కడా లేదు. చదివినవాడు దాన్ని కట్టాలి, కట్టాక నిలబెట్టాలి. కేంద్ర భావం పాఠంలో ఎక్కడో దాగి ఉంటే పిల్లవాడు దాన్ని తవ్వి తీస్తాడనుకోవడంలోనే పొరపాటు మొదలవుతోంది. అది చదువరి చేసే ప్రతిపాదన. ప్రతి ప్రతిపాదనకూ ఉన్నట్టే దానికీ రుజువు కావాలి. కాబట్టి నేను నేర్పేది ఒకే ప్రశ్న: నువ్వు రాసిన వాక్యం ఏ పేరాను వివరించలేకపోతోంది? చింతచెట్టు జవాబు మూడు, నాలుగు పేరాలను గాలికి వదిలేస్తుంది. ప్రకృతి ముందు మనిషి అల్పుడన్న జవాబుకు నాలుగో పేరా ఎదురు నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ మనిషి వరదను ఆపే మార్గం కనిపెట్టాడు. మూసీ వరదల గురించి అన్న జవాబు ఏ పేరాకూ అడ్డు కాదు, దేన్నీ వివరించదు కూడా. ఈ పరీక్షకు నిలిచే వాక్యం దొరికేదాకా పిల్లలు రాసినదాన్ని తామే దిద్దుకుంటారు. ఇది సూత్రం కాదు మాస్టారూ, వాదించే క్రమశిక్షణ.

మాస్టారు: ప్రతిపాదన అన్నారు. అయితే ఎవరికి తోచింది వారు రాస్తారు. నలభై మంది పిల్లలు నలభై వాక్యాలు రాస్తే దేనికి మార్కులు వేయాలి? ఇంకో మాట. మన తెలుగు వాచకాల్లో పాఠానికి ముందే పాఠం ఉద్దేశం అచ్చువేసి ఇస్తారు. మీ పద్ధతి ప్రకారం అది తప్పు కావాలి. కానీ పరిశోధన దాన్నే బలపరుస్తోంది. 1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనేవారు బట్టలుతకడం గురించి, ఆ మాట ఎక్కడా రాకుండా రాసిన పేరా ఒకటి వినిపించారు. విషయం ముందే తెలిసినవారికి అది అర్థమైంది, గుర్తుంది. విన్నాక విషయం చెప్పినవారికి ప్రయోజనం లేకపోయింది. ముందే చెప్పాలని దీని అర్థం కదా?

టీచరు: దేన్ని ముందే చెప్పాలో చూడండి. ఆ ప్రయోగంలో ముందుగా చెప్పింది పేరా దేని గురించో అదే. అది ఏమంటోందో చెప్పలేదు. విషయం ముందే చెప్పండి, నేనూ చెబుతాను. మూసీ ఎక్కడ పుట్టి ఎటు పారుతుందో, జలాశయం వరదను ఎలా ఆపుతుందో పాఠానికి ముందే మాట్లాడుకోవాలి. బోర్డు మీద నది గీసి, నగరం ఎక్కడుందో, జలాశయాలు ఎక్కడ కట్టారో గుర్తులు పెట్టాలి. పాఠం ఏం తేల్చిందో మాత్రం చదివేవాళ్లకే వదలాలి. వాచకంలో ఉద్దేశం అచ్చయి ఉంటే పిల్లవాడికి మిగిలే పని దాన్ని కంఠతా పట్టడమే. ఉద్దేశం ఉపాధ్యాయుడి కోసం రాసినదైతే ఉపాధ్యాయుల కరదీపికలో ఉండనివ్వండి. ఇక మార్కుల సంగతి. నలభై వాక్యాలు వచ్చినా అన్నీ సమానం కావు. పైన చెప్పిన ప్రశ్న వేస్తే సగానికి పైగా పడిపోతాయి. మిగిలినవి మాటల్లో వేరైనా భావంలో దగ్గరగా ఉంటాయి. వాక్యానికి సగం మార్కులు, దాన్ని నిలబెట్టే రెండు ఆధారాలకు సగం మార్కులు వేస్తే దిద్దేవారికి ఇబ్బంది ఉండదు. ఇప్పుడు మనం వేస్తున్న ప్రశ్నలు చూడండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ. ఇలా అడగడం పరీక్షించడం అవుతుంది, నేర్పడం కాదు. 1970ల చివర డోలోరెస్ డర్కిన్ అమెరికాలో నాలుగో తరగతి గదుల్లో కూర్చుని సుమారు 4,500 నిమిషాల పఠన బోధన గమనించింది. చదివినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నేర్పడానికి అందులో వెళ్లింది ఒక శాతం కంటే తక్కువ. టీచర్లు ప్రశ్నలు అడిగారు, జవాబు తప్పో ఒప్పో చెప్పారు, ముందుకు సాగారు. దేశం వేరు, కాలం వేరు. తరగతి గదిలో జరుగుతున్నది మాత్రం మనకు కొత్త కాదు.

మాస్టారు: మీరు ఇదంతా విదేశీ పరిశోధనల మీద కడుతున్నారు. ఒక గ్రంథం తాత్పర్యం ఎలా నిర్ణయించాలో మన మీమాంసకులు, వేదాంతులు ఏనాడో ఆరు గుర్తులుగా చెప్పారు. ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. మొదలూ తుదీ కలుస్తున్నాయా, దేన్ని మళ్లీ మళ్లీ చెప్పారు, వేరెక్కడా తెలియని దేన్ని చెప్పారు, దానివల్ల ఏం సిద్ధిస్తుంది, దేన్ని పొగిడారు, ఏ యుక్తి చూపారు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఒకే మహావాక్యం తొమ్మిదిసార్లు రావడం అభ్యాసానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. కానీ ఈ గుర్తులు వాడినవారు ఎవరు? ఏళ్ల తరబడి వేదం, వ్యాకరణం, తర్కం చదివిన పండితులు. అంటే ఇదీ నా వైపు సాక్ష్యమే. జ్ఞానం ముందు, తాత్పర్య నిర్ణయం తర్వాత.

టీచరు: ఈ ఆరు గుర్తులను మీరే ప్రస్తావించడం నాకు మేలైంది. అవి తెలుగు తరగతి గదికి రావాలన్నది నా కోరిక. వాటిలో రెండింటి దగ్గర కాసేపు ఆగుదాం. మొదటిది అపూర్వత. పాఠం కొత్తగా చెప్పింది ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పాతది ఏమిటో తెలిసి ఉండాలి. వరద వస్తే నష్టం జరుగుతుందని పిల్లవాడికి ముందే తెలుసు, అది చెప్పడానికి ఎవరూ వ్యాసం రాయరు. వరదను ఆపే కట్టడమే ఊరి దాహం తీర్చడం అతనికి కొత్త. మీరంటున్న జ్ఞానం, నేనంటున్న పద్ధతి ఇక్కడే కలుస్తాయి. జ్ఞానం ఉన్నవాడికే కొత్తదనం తెలుస్తుంది, నిజమే. అయితే కొత్తదేదని తనను తాను అడుక్కునే అలవాటు లేకపోతే జ్ఞానం ఉన్నవాడు కూడా తెలిసినదాన్నే మళ్లీ చదివి పుస్తకం మూసేస్తాడు. రెండోది అర్థవాదం. మీమాంసకులు వేదంలోని కథలను, స్తుతులను వ్యర్థమని పక్కన పడేయలేదు. అవి ప్రధానమైన విధికి బలం చేకూర్చడానికి ఉన్నాయన్నారు. చింతచెట్టు కథను పిల్లల చేత కొట్టేయించడం నాకూ ఇష్టం లేదు. ఆ కథ ఏ మాటకు బలమిస్తోందని అడిగితే, వరద ఎంత భయంకరమైందో చూపి, జలాశయాల అవసరాన్ని మనసుకు పట్టించడానికి అది అక్కడ ఉందని వాళ్లే చెప్పగలరు. ముఖ్యం కానిది తీసెయ్ అన్న మాట కంటే, ఇది దేనికోసం ఉంది అన్న ప్రశ్న పిల్లవాణ్ణి చాలా దూరం తీసుకెళ్తుంది. పండితులు ఏళ్ల తర్వాత వాడిన పనిముట్టు అని మీరన్నారు. వాళ్లు కూడా దాన్ని గురువు దగ్గర, ఉదాహరణల మీద, వాదించి నేర్చుకున్నవారే.

మాస్టారు: ఒక తేడా మరిచిపోతున్నారు. వేదానికి కర్త లేడనీ, అందులో దోషం ఉండదనీ, ప్రకరణానికి ఒకే తాత్పర్యం ఉంటుందనీ వాళ్లు ముందే ఒప్పుకుని మొదలుపెట్టారు. పత్రికలో వ్యాసం రాసినవాడు తడబడి ఉండొచ్చు. రెండు విషయాలు కలిపేసి ఉండొచ్చు. శీర్షిక ఒకటి పెట్టి లోపల ఇంకొకటి రాసి ఉండొచ్చు. ప్రతి పాఠంలోనూ ఒక కేంద్ర భావం ఉండి తీరుతుందని పిల్లలకు నేర్పితే, లేని పొందికను వాళ్లే అంటగడతారు.

టీచరు: ఇది మీ ఆక్షేపణల్లో అన్నిటికన్నా బలమైనది, దీన్ని నేను అంగీకరిస్తున్నాను. కొన్ని పాఠాలకు కేంద్ర భావం ఉండదు. పంటల జాబితాకు ఉండదు, నియమావళికి ఉండదు, అతుకుల బొంతలాంటి వ్యాసానికీ ఉండదు. ఏ వాక్యం రాసినా ఏదో ఒక పేరా మిగిలిపోతుంటే, లోపం నీది కాకపోవచ్చు, రచనది కావచ్చు అని తరగతిలో పైకే చెప్పాలి. మూసీ వ్యాసంలోకే ఐదో పేరాగా చార్మినార్ కట్టడం గురించి ఎవరైనా రాసి చేర్చితే, ఇది ఇక్కడ ఎందుకుందని పిల్లవాడు అడగగలగాలి. అలా అడిగిన రోజు అతను పాఠానికి లొంగే చదువరిగా కాక దాన్ని తూచే చదువరిగా మారతాడు. ఫోనులో వచ్చే ప్రతి సందేశాన్నీ నమ్మి ముందుకు పంపేవారి మధ్య పెరుగుతున్న పిల్లలకు, శీర్షిక చెప్పిందీ లోపల రుజువైందీ ఒకటేనా అని చూసుకునే ఈ అలవాటు ఎంతో అవసరం.

మాస్టారు: అక్షరాలు కూడబలుక్కునే పిల్లల మాటేమిటి? 2022 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. వాళ్లకు ముందు చదవడం రావాలి.

టీచరు: రావాలి, దానికి వేరే కృషి కావాలి, అందులో రాజీ లేదు. అంతదాకా ఆలోచన ఆగాల్సిన పని లేదు. మూసీ వ్యాసం నేను చదివి వినిపిస్తాను. వాళ్లు విని, ఏం చెప్పిందో నోటితో చెప్తారు, పక్కవాడి జవాబును ఖండిస్తారు. చదవడం నెమ్మదైనంత మాత్రాన బుర్ర నెమ్మది కాదు.

మాస్టారు: చివరగా ఒకటి. ఇలాంటి వ్యూహాల బోధన వల్ల లాభం త్వరగానే వస్తుందనీ, పాఠాల సంఖ్య పెంచినంత మాత్రాన లాభం పెరగదనీ డేనియల్ విల్లింగ్‌హామ్ అనే మనోవైజ్ఞానికుడు 2006లోనే పరిశోధనలన్నీ పరిశీలించి రాశాడు. అదే నిజమైతే ఏడాది పొడవునా కేంద్ర భావం అభ్యాసాలు చేయించడానికి మీకు ఆధారం లేదు.

టీచరు: ఏడాది పొడవునా చేయించను. కొద్ది పీరియడ్లు చాలు. ఆ తర్వాత ఆ ప్రశ్నలు నా పీరియడ్ దాటి మీ పీరియడ్‌లోకి, సైన్స్ పీరియడ్‌లోకి రావాలి. ఎందుకంటే జ్ఞానం అక్కడే పెరుగుతోంది. పాఠం అయ్యాక మీరు అడిగే చివరి ప్రశ్న, ఉస్మాన్‌సాగర్ ఏ సంవత్సరంలో పూర్తయిందన్నది కాకుండా, ఈ పాఠం మనకు కొత్తగా ఏం చెప్పింది, దేని ఆధారంగా అలా అంటున్నావు అన్నది కావాలి. విషయం తెలియని పిల్లవాడు దానికి జవాబు చెప్పలేడు కాబట్టి మీ జ్ఞానానికీ లోటు రాదు.

మాస్టారు: అడుగుతాను. కానీ నా పాఠం తగ్గించి అడగను. ప్రశ్నపత్రం మారకపోతే మీరూ నేనూ అడిగింది పిల్లలు ఎక్కువ రోజులు గుర్తుంచుకోరు కూడా. పదో తరగతి పరీక్షలో అపరిచిత గద్యం ఇచ్చి కింద అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ గద్యంలోనే వాక్యంగా దొరుకుతుంది. వెతికి ఎత్తి రాసినవాడికి పూర్తి మార్కులు వస్తాయి.

టీచరు: అందుకే ప్రశ్నపత్రాలు కూర్చేవారికి నా విన్నపం ఒక్కటే. అపరిచిత గద్యం కింద ఎత్తి రాసే ప్రశ్నల్లో ఒకటి తగ్గించి, ఆ స్థానంలో ఇది వేయండి: ఈ గద్యం మొత్తం మీద ఏం చెబుతోందో నీ సొంత వాక్యంలో రాసి, దానికి గద్యంలోంచి రెండు ఆధారాలు చూపించు.